పన్నెండు గడుల నమూనా బొంత: మొదటి కత్తిరింపు నుంచి చివరి కుట్టు దాకా

తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో బొంత అంటే పాత పంచెలు, చీరలు నాలుగైదు పొరలు పరిచి, దబ్బనంతో ఈ చివర నుంచి ఆ చివరకు కుట్టేసినది. దానికి కొలతలు లేవు. ఎంత గుడ్డ ఉంటే అంత బొంత. నేను ఇక్కడ చెప్పబోయేది కొలత మీద నిలబడే బొంత. చదరాలు, పట్టీలు, త్రికోణాలు అతికి పన్నెండు గడులు చేస్తాం. ఏ రెండు గడుల్లోనూ ఒకే నమూనా ఉండదు. ఇంగ్లీషులో దీన్ని శాంప్లర్ క్విల్ట్ అంటారు. ఒక్కో గడి ఒక్కో పని నేర్పుతుంది కాబట్టి, అతుకుల పని మొదలుపెట్టేవాళ్లకు ఇంతకు మించిన పాఠం లేదని నా నమ్మకం.

ఒక్కో గడి కుట్టడం పూర్తయ్యాక 12½ అంగుళాలు ఉండాలి. బొంతలో చేరాక అది 12 అవుతుంది. అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు గడులు, గడుల మధ్యలోనూ వాటి చుట్టూ 2 అంగుళాల పట్టీలు, వాటి బయట నాలుగు వైపులా 5 అంగుళాల అంచు కలిపితే బొంత 54 అంగుళాల వెడల్పు, 68 అంగుళాల పొడవు వస్తుంది. ఒక మనిషి కప్పుకోవడానికి సరిపోతుంది.

గుడ్డ ఎంపిక

ముందు ఇంట్లో వెతకండి. పేరంటాల్లో తాంబూలంతో ఇచ్చిన జాకెట్టు ముక్కలు మన ఇళ్లలో సంచుల కొద్దీ ఉంటాయి. వాటిలో నూలువి మాత్రమే పనికొస్తాయి. అనుమానంగా ఉంటే అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. టూ బై టూ రకం బాగుంటుంది. జారిపోయేవి, సాగేవి ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

కొనాల్సి వస్తే విజయవాడ వన్ టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్ చుట్టుపక్కల దుకాణాల్లో కట్ పీసులు దొరుకుతాయి. నాకు మాత్రం మంగళగిరి నేత మీద మక్కువ ఎక్కువ. ఒంట్లో బుటాలు, పువ్వులు లేని సాదా గుడ్డ కావడంతో త్రికోణాల గీతలు దాని మీద స్పష్టంగా కనబడతాయి. పక్కన ఒకటి రెండు రకాల పెడన కలంకారీ అద్దకం కలిపితే బొంత మన ప్రాంతానిదిగా కనబడుతుంది. పెద్ద పెద్ద లతలున్న అద్దకం మాత్రం వద్దు. 4 అంగుళాల ముక్కలో సగం పువ్వే మిగులుతుంది. చిన్న బుటీలు తీసుకోండి.

గడులకు లేత రంగు గుడ్డ ఒకటిన్నర మీటర్లు, ముదురు, నడిమి రంగులవి అర మీటరు బిట్లు నాలుగైదు కావాలి. మధ్య పట్టీలు, చుట్టూ అంచు ఒకే రంగులో పెట్టుకుంటే 44 అంగుళాల పన్నాలో 2 మీటర్లు చాలు. చివర్లో అంచుకు చుట్టే గోటుకు అర మీటరు. వెనక వైపు 60, 90 అంగుళాల సింగిల్ నూలు దుప్పటి ఒకటి తీసుకుంటే అతుకు లేకుండా పోతుంది.

రంగుల కంటే ముఖ్యమైనది లేత, ముదురుల తేడా. ఎరుపు, ఆకుపచ్చ చూడ్డానికి వేరు వేరు రంగులే గానీ రెండూ ఒకే ముదురులో ఉంటే పక్కపక్కన పెట్టినప్పుడు నమూనా కనబడదు. గుడ్డలన్నీ మంచం మీద పరిచి ఫోన్‌లో ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ఏది లేత, ఏది ముదురు అన్నది వెంటనే తెలిసిపోతుంది.

తడపడం, గంజి పెట్టడం

ఈ పని దాటేసి నేను ఒక బొంత పాడుచేసుకున్నాను. ముదురు ఎరుపు అద్దకం గుడ్డను ఉతక్కుండానే కోసి, తెల్లటి మంగళగిరి పక్కన కుట్టాను. మొదటి ఉతుకులో తెల్ల చదరాలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. నెలన్నర కష్టం. అందుకే చెబుతున్నాను, ప్రతి గుడ్డనూ విడివిడిగా నీళ్లలో నానబెట్టి ఉతకండి. ఆరాక తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు అంటితే మళ్లీ ఉతకండి. మూడో సారికి కూడా అంటుతుంటే ఆ గుడ్డను ఈ పనికి వాడొద్దు. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని అందరూ అంటారు గానీ, ఊడిపోయే రంగును ఉప్పు ఆపుతుందని నమ్ముకోవద్దు. చేనేత నూలు మొదటి తడుపులో కుదించుకుంటుంది కూడా. ఆ కుదింపేదో కోయకముందే అయిపోవాలి.

ఉతికాక గంజి పెట్టండి. ఇది మాత్రం తప్పనిసరి. అన్నం వార్చిన గంజిని పల్చటి గుడ్డలో వడకట్టి, నీళ్లు కలిపి, అందులో ముంచి ఆరేయండి. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే గుడ్డ కాగితంలా నిలబడుతుంది. గంజి లేని మెత్తటి నూలును ఏటవాలుగా కోస్తే, అంటే టైలర్లు క్రాస్ అనే దిక్కులో కోస్తే, చేతిలోనే సాగిపోతుంది. నమూనాల్లో సగం త్రికోణాలే కాబట్టి ఈ బాధ అడుగడుగునా ఉంటుంది. గంజి పెట్టిన ముక్కలను నెలల తరబడి అలమరలో దాచొద్దు, బొద్దింకలు, పురుగులు కొరికేస్తాయి.

పావు అంగుళం

జాకెట్టు కుట్టేవాళ్లకు ఇక్కడ అలవాటు మార్చుకోవాల్సి వస్తుంది. జాకెట్టులో తర్వాత వదులు చేసుకోవడానికి లోపల గుడ్డ వదులుతాం, రెండు నూళ్లు (కొలతలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) అటూ ఇటూ అయినా ఒంటికి సరిపోతుంది. అతుకుల పనిలో ప్రతి కుట్టూ అంచు నుంచి సరిగ్గా పావు అంగుళం లోపల పడాలి. లెక్క చూడండి. కుట్టు అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగితే రెండు ముక్కల్లోనూ కలిపి ఒక నూలు పోతుంది. వరసకు నాలుగు చదరాలున్న గడిలో మూడు కుట్లుంటాయి. మూడు నూళ్లు పోతే 12½ ఉండాల్సిన గడి 12 అంగుళాల చిల్లర మీద ఆగుతుంది.

మిషన్‌ను ఇలా సిద్ధం చేసుకోండి. ఒక కాగితం మీద అంచు నుంచి పావు అంగుళంలో గీత గీయండి. దారం లేని సూది ఆ గీత మీద దిగేలా కాగితాన్ని పాదం కింద పెట్టండి. కాగితం అంచు ఎక్కడుందో అక్కడ మిషన్ పలక మీద ఇన్సులేషన్ టేపు రెండు మూడు పొరలు అంటించండి. గుడ్డ అంచు ఆ గట్టును ఆనుకుని పోతే చాలు. తర్వాత పరీక్ష: 1½ అంగుళాల వెడల్పున్న మూడు పట్టీలు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేసి కొలవండి. మొత్తం 3½ అంగుళాలు రావాలి, మధ్య పట్టీ సరిగ్గా 1 అంగుళం కనబడాలి. రాకపోతే టేపు జరిపి మళ్లీ చేయండి. నాకు నాలుగో సారికి కుదిరింది. ఆ సాయంత్రం వృథా అనుకోవద్దు. కాలితో తొక్కే పాత నల్ల మిషన్ ఈ పనికి చాలా మంచిది, తిన్నగా కుడుతుంది, కరెంటు పోయినా ఆగదు. 14 నంబరు సూది, అంగుళానికి పది పన్నెండు కుట్లు పెట్టుకోండి.

కోయడానికి రోటరీ కట్టర్ (చక్రంలా తిరిగే బ్లేడు), దాని కింద పరిచే మ్యాట్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి లేకపోయినా ఇబ్బంది లేదు. పాత ఎక్స్‌రే ఫిల్మును 4½, 3½, 2½ అంగుళాల చదరాలుగా కోసుకుని, దాని చుట్టూ సన్నగా చెక్కిన పెన్సిల్‌తో గీసి, సాన పట్టించిన కత్తెరతో కోయండి. సుద్ద గీత లావుగా పడుతుంది కాబట్టి ఇక్కడ వాడొద్దు. మూలలు నిలువుగా ఉన్నాయో లేదో వడ్రంగి మూలమట్టంతో చూసుకోండి.

ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెను రుద్దకండి. నొక్కి ఎత్తాలి. రుద్దితే గడి వంకర పోతుంది. అతుకు మడతను ముదురు రంగు వైపుకు పడుకోబెట్టండి. పక్కపక్కన వచ్చే రెండు వరసల మడతలు ఎదురెదురు దిక్కుల్లో ఉంటే మూల దగ్గర ఒకదానికొకటి తగిలి ఆగుతాయి, చదరాల మూలలు వాటంతట అవే కలుస్తాయి.

పన్నెండు గడులు

కింద చెప్పే కొలతలన్నీ కోసే కొలతలు, కుట్టు గుడ్డ కలిపే ఉంది. చెప్పిన వరసలోనే చేయండి, సులువైనవి ముందు పెట్టాను.

మొదటిది నైన్ ప్యాచ్. 4½ అంగుళాల చదరాలు, ముదురు ఐదు, లేత నాలుగు. మూడు వరసలు కుట్టి, వరసలు కలపడమే. రెండోది ఫోర్ ప్యాచ్ పెంచి కుట్టేది: 3½ అంగుళాల చదరాలు పదహారు, చదరంగం బల్లలా. మూలలు కలపడం ఈ రెండింట్లో నేర్చుకుంటారు. మూడోది రైల్ ఫెన్స్. మూడు రంగుల్లో 2½ అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడవున్న పట్టీలు పక్కపక్కన కుట్టి, ఆ కుట్టిన గుడ్డను 6½ అంగుళాల ముక్కలుగా నాలుగు కోయండి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెట్టి కలిపితే మెట్లు మెట్లుగా వస్తుంది. ఒక గంట పని.

ఇక త్రికోణాలు. లేత, ముదురు రంగులు చెరి సగం ఉండే చదరాన్ని జంట త్రికోణం అందాం. తర్వాతి ఐదు గడులు దీని మీదే నడుస్తాయి కాబట్టి నింపాదిగా నేర్చుకోండి. త్రికోణాలను ముందే కోసి కుట్టొద్దు, ఏటవాలు అంచు సాగుతుంది. దాని బదులు లేత, ముదురు చదరాలు 5 అంగుళాలవి ఒకటొకటి, మంచి వైపులు ఎదురెదురుగా ఉండేలా ఒకదాని మీద ఒకటి పెట్టి, లేత దాని వెనక మూల నుంచి మూలకు పెన్సిల్ గీత గీయండి. గీతకు రెండు వైపులా పావు అంగుళం దూరంలో కుట్టండి. గీత మీద కోస్తే రెండు జంట త్రికోణాలు వస్తాయి. ఇస్త్రీ చేసి, వాలు కుట్టు సరిగ్గా మూలల మీదకు వచ్చేలా 4½ అంగుళాలకు సరి చేయండి. కొంచెం పెద్దగా కోసి తర్వాత సరి చేయడంలో గుడ్డ కాస్త వృథా అవుతుంది, కొలత మాత్రం తప్పదు.

షూఫ్లైలో జంట త్రికోణాలు నాలుగు మూలల్లో ఉంటాయి, నడుమ, పక్కల 4½ అంగుళాల సాదా చదరాలు ఐదు. ఫ్రెండ్‌షిప్ స్టార్‌లో అవే నాలుగు త్రికోణాలు పక్కలకు వచ్చి, సాదావి మూలలకు, నడుమకు పోతాయి. త్రికోణాలన్నీ ఒకే దిక్కుకు తిరగాలి. ఒకటి ఎదురు తిరిగితే నక్షత్రం విరిగిపోతుంది, అందుకే కుట్టే ముందు బల్ల మీద పరిచి చూడండి. చర్న్ డాష్ అంటే వెన్న చిలికే పీపాలో ఆడించే కర్ర, మన కవ్వం లాంటిది. మూలల్లో నాలుగు జంట త్రికోణాలు, పక్కల్లో 2½ అంగుళాల వెడల్పు, 4½ అంగుళాల పొడవున్న లేత, ముదురు పట్టీలు రెండేసి కలిపిన ముక్కలు నాలుగు, నడుమ ఒక 4½ అంగుళాల చదరం. నాకు ఈ పన్నెండింటిలో ఇదే ఎక్కువ ఇష్టం, సాదా రంగుల్లో కూడా నిండుగా ఉంటుంది.

పిన్‌వీల్‌కు 7 అంగుళాల చదరాలు లేతవి రెండు, ముదురువి రెండు. వచ్చిన నాలుగు జంట త్రికోణాలను 6½ అంగుళాలకు సరి చేసి కలిపితే తిరునాళ్లలో పిల్లలు పట్టుకు తిరిగే కాగితపు పంకాలా ఉంటుంది. నడుమ నాలుగు కొసలు ఒక్క చుక్క దగ్గర కలవాలి. అక్కడ ఎనిమిది పొరలు పడి లావెక్కుతుంది కాబట్టి ఆఖరి కుట్టు మడతను రెండు వైపులకూ విప్పి ఇస్త్రీ చేయండి. బ్రోకెన్ డిషెస్ దీని చిన్న తమ్ముడు: 4 అంగుళాల చదరాలు లేతవి ఎనిమిది, ముదురువి ఎనిమిది. 3½ అంగుళాలకు సరి చేసిన పదహారు జంట త్రికోణాలు వస్తాయి. ఓపిక కావాలి.

తొమ్మిదోది సాటూత్ స్టార్. ఇందులో ఎగిరే బాతులు అనే ముక్క కొత్తగా వస్తుంది. 3½, 6½ అంగుళాల లేత ముక్క మీద ఒక చివర 3½ అంగుళాల ముదురు చదరం ఎదురుగా పెట్టి, చదరంలో మూల నుంచి మూలకు కుట్టండి. కుట్టుకు బయట పావు అంగుళం వదిలి మిగతాది కోసేసి, చదరాన్ని తిప్పి ఇస్త్రీ చేయండి. రెండో చివర కూడా అంతే. త్రికోణం కొసకూ గుడ్డ అంచుకూ మధ్య పావు అంగుళం గుడ్డ మిగిలి ఉండాలి. లేకపోతే పక్క ముక్కతో కలిపినప్పుడు ఆ కొస కుట్టులో కలిసి మొద్దుబారిపోతుంది. ఇలాంటివి నాలుగు, నడుమ 6½ అంగుళాల ముదురు చదరం, మూలలకు 3½ అంగుళాల లేత చదరాలు నాలుగు.

ఒహాయో స్టార్‌లో ఒక్కో ముక్కలో నాలుగు త్రికోణాలుంటాయి. 5½ అంగుళాల చదరాలు లేతవి రెండు, ముదురువి రెండు తీసుకుని నాలుగు జంట త్రికోణాలు చేయండి. సరి చేయొద్దు. వాటిని రెండేసి చొప్పున, లేత మీదకు ముదురు వచ్చేలా ఎదురెదురు పెట్టి, ఉన్న కుట్టుకు అడ్డంగా మళ్లీ మూల నుంచి మూలకు గీత గీసి, రెండు వైపులా కుట్టి కోయండి. నాలుగు ముక్కలు వస్తాయి. ఇప్పుడు 4½ అంగుళాలకు సరి చేయండి. సరి చేసేటప్పుడు నాలుగు త్రికోణాలు కలిసే చుక్క అన్ని అంచుల నుంచీ 2¼ అంగుళాల దూరంలో ఉండాలి. వీటిని పక్కల్లో పెట్టి, నడుమ ముదురు, మూలల్లో లేత 4½ అంగుళాల చదరాలు చేర్చండి. పన్నెండింటిలో కష్టమైనది ఇదే. చెడితే ఇంకోటి కుట్టండి, గుడ్డ అందుకే ఎక్కువ చెప్పాను.

చివరి రెండూ పట్టీలతో. లాగ్ క్యాబిన్‌కు నడుమ 3½ అంగుళాల ఎర్ర చదరం పెట్టడం పాత అలవాటు, అది ఇంటి పొయ్యికి గుర్తని చెబుతారు. దాని చుట్టూ 2 అంగుళాల వెడల్పు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి చుట్టుకుంటూ పోవాలి: మొదటి చుట్టులో లేతవి 3½, 5, ముదురువి 5, 6½ అంగుళాల పొడవు. రెండో చుట్టులో 6½, 8, 8, 9½. మూడో చుట్టులో 9½, 11, 11, 12½. ప్రతి చుట్టు అయ్యాక కొలవండి: 6½, 9½, 12½. ఏ చుట్టులో తప్పినా అక్కడే విప్పాలి, చివరిదాకా లాగితే తప్పు పెరుగుతుంది. కోర్ట్‌హౌస్ స్టెప్స్‌కు అదే చదరం, అవే వెడల్పు పట్టీలు. తేడా ఏమిటంటే చుట్టుకుంటూ పోకుండా ఎదురెదురు వైపుల జతలుగా కుట్టాలి: 3½ రెండు లేతవి, 6½ రెండు ముదురువి, మళ్లీ 6½ రెండు, 9½ రెండు, ఆపైన 9½ రెండు, 12½ రెండు.

గడులు కలపడం

నా మొదటి బొంతలో గడులు 12¼ నుంచి 12⅝ దాకా రకరకాలుగా వచ్చాయి. గుండుసూదులతో లాగి సరిపెట్టి కుట్టేశాను. పరిస్తే నడుమ అప్పడంలా ఉబ్బింది. కాబట్టి కలపకముందే ప్రతి గడినీ కొలవండి. ఒక నూలు పెద్దదైతే అంచు కోయొచ్చు, నక్షత్రాల కొసలు తెగకుండా చూసుకోండి. చిన్నదైతే కుట్లు విప్పి మళ్లీ కుట్టండి.

మధ్య పట్టీలు 2½, 12½ అంగుళాలవి 31, మూల చదరాలు 2½ అంగుళాలవి 20 కోయండి. అంచు పట్టీలు నాలుగూ ముందుగా గుడ్డ పొడవునా 5½ అంగుళాల వెడల్పున తీసి పక్కన పెట్టుకుంటేనే 2 మీటర్లు సరిపోతాయి. గడులను నేల మీద పరచండి. త్రికోణాలున్నవన్నీ ఒకే పక్క పోగవకుండా, లాగ్ క్యాబిన్, కోర్ట్‌హౌస్ స్టెప్స్ పక్కపక్కన రాకుండా చూడండి. రాత్రి అలాగే వదిలేసి పొద్దున చూస్తే తప్పు కంటికి తగులుతుంది. పట్టీ, గడి, పట్టీ అంటూ వరస కుట్టి, మూల చదరాల వరసలతో కలపండి. మొత్తం 44½, 58½ అంగుళాలు రావాలి. పొడవు వైపు 58½ అంగుళాల అంచు పట్టీలు ముందు, తర్వాత 54½ అంగుళాలవి పైనా కిందా. అంచు పట్టీని బొంత పక్కన పరిచి అంచనాగా కోయొద్దు. బొంతను నడుమ కొలిచి ఆ కొలతకే కోయండి, అప్పుడే అంచు అలలు అలలుగా లేవదు.

పొరలు, బొంత కుట్టు

మన ఎండలకు మందం అక్కర్లేదు. దూది ఏకించి విడిగా పరిస్తే రెండు ఉతుకులకు ఉండలు కడుతుంది. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డ పాత నూలు దుప్పటి ఒక్కటి లోపల పెట్టడం నేను చూసినంతలో అన్నిటికంటే మేలు. కొత్త దుప్పటైతే రెండుసార్లు ఉతికి పెట్టండి.

వెనక గుడ్డను తిరగేసి నేల మీద పరిచి, అంచులు టేపుతో అంటించండి. లాగి బిగించకండి, ముడతలు పోతే చాలు. దాని మీద లోపలి దుప్పటి, ఆపైన బొంత ముఖం. కింది రెండూ నాలుగు వైపులా 2, 3 అంగుళాలు ఎక్కువ ఉండాలి. నడుమ నుంచి మొదలుపెట్టి బయటకు, నాలుగేసి అంగుళాలకు ఒక వరస చొప్పున పొడుగు కచ్చా టాకాలు వేయండి. పిన్నీసులైనా పర్వాలేదు.

మొదటి బొంతకు చేతి కుట్టే వేయమంటాను. మూడు పొరలూ పట్టేలా సాదా రన్నింగ్ కుట్టు, కాస్త లావు నూలు దారంతో. ముడి వేసి, దారాన్ని లాగి ముడిని లోపలి పొరలో దాచేయండి. ప్రతి నమూనా గీతలకూ పావు అంగుళం దూరంలో కుట్టుకుంటూ పోతే నమూనా పైకి తేలుతుంది. కుట్టుకూ కుట్టుకూ మధ్య నాలుగు అంగుళాల కంటే ఎక్కువ ఖాళీ వదలొద్దు. ఇక్కడా నడుమ నుంచే బయటకు. మిషన్ మీద కుట్టేవాళ్లు 16 నంబరు సూది మార్చుకోండి. వేసవిలో గడులు కుట్టుకుని, ఈ పని కార్తీకం వచ్చాక మొదలుపెట్టడం నా అలవాటు. మే నెలలో ఒళ్లో బొంత పెట్టుకుని కూర్చోలేం, చెమట మరకలు కూడా పడతాయి.

గోటు

ఎక్కువైన గుడ్డ కోసేసి అంచులు సరి చేయండి. 2½ అంగుళాల వెడల్పు పట్టీలు ఏడు ఏటవాలుగా అతికి, పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి. మడత లేని అంచును బొంత ముఖం అంచుకు ఆనించి పావు అంగుళంలో కుట్టుకుంటూ రండి. మూలకు పావు అంగుళం ముందు ఆపి, దారం తెంపి, పట్టీని తిన్నగా పైకి మడిచి, మళ్లీ కిందకు మడిచి అంచుకు ఆనించి, కొత్త వైపు అంచు నుంచి మొదలుపెట్టండి. నాలుగు మూలలూ ఇలాగే. తర్వాత గోటును వెనక్కి తిప్పి, కుట్టు కనబడకుండా చేత్తో హెమ్మింగ్ చేయండి.

వెనక ఒక మూలన చిన్న గుడ్డ ముక్క మీద పేరు, ఊరు, సంవత్సరం దారంతో కుట్టి అతికించండి. తర్వాత చల్లటి నీళ్లలో బొంతతో పాటు ఒక తెల్లగుడ్డ ముక్క వేసి, పిండకుండా జాడించి, గంజి అంతా పోయాక నీడలో దండెం మీద వెడల్పుగా ఆరేయండి. ఆరాక కుట్ల వెంట సన్నటి ముడతలు పడతాయి, వాటిని ఇస్త్రీ చేయొద్దు.